క్యారేజీ గిన్నెలో కారు తాళం

ఈ ఉదయం మా ల్యాబు కౌంటరు ముందు కోటయ్య మామ తన షుగర్ మిషన్ని చెవి దగ్గర పెట్టుకుని గట్టిగా కుదుపుతుంటే అది టింగుమంది. ఆయన భుజం మీది తువ్వాలు నుంచి ఎండుమిరప ఘాటు వచ్చింది. ఆ మోత, ఆ ఘాటు కలిసి తగిలేసరికి నేను గురజాల బజార్లో ఉన్న సంగతే మరిచిపోయాను. సీతారావమ్మత్త తెల్ల కారులో, ఆవిడ పక్క సీట్లో కూర్చున్నట్టనిపించింది. కోటయ్య మామ ఆవిడకు మరిది. నాకు ఇద్దరూ చుట్టాలేమీ కారు, మా పక్కింటివాళ్లు.

మాచర్ల నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో నాకు నోరు విప్పాలంటే భయం. ల్యాబు కోర్సు చదివి వంటింటికే పరిమితమైపోయాను. సీతారావమ్మత్త నాకు పూర్తిగా భిన్నం. భర్త పోయాక డ్రైవింగు నేర్చుకుని, తన పొలానికి తానే వెళ్లి రావడానికి కరెంటు కారు కొన్నది. ఊరు నోరెళ్లబెట్టింది. నేను భయపడుతూనే ఆ కారే ఎందుకని అడిగాను. "తాళం మన దగ్గరుంటే చాలంట, ముట్టుకునే పన్లేదు. బ్రేకు తొక్కి మీట నొక్కితే బండి లేస్తది. మిరపకాయల చేత్తో తాళం పట్టుకోవాలంటే చానా చిరాకు" అంది. నేను అడిగినందుకే సంతోషించినట్టు కనిపించింది. ఆ రోజు నుంచి పొలానికి వెళ్లేటప్పుడల్లా నన్ను కూడా ఎక్కించుకునేది.

వానాకాలమంతా బండి చెప్పినట్టు విన్నది. కాయలు కల్లానికి చేరి, ఎండబోసిన దగ్గరి నుంచి మొరాయించడం మొదలుపెట్టింది. మేమిద్దరం క్యారేజీ విప్పి అన్నాలు తినేసి, కూలివాళ్లతో పాటు తాలుకాయలు ఏరేవాళ్లం. కల్లం దగ్గర కారు లాక్ చేసేవాళ్లం కాదు. సాయంత్రం కారెక్కి మీట నొక్కితే టింగుమని మోగి, తాళం దొరకడంలేదని తెర మీద అక్షరాలు వచ్చేవి. నేను తాళం తీసి నాలుగుసార్లు కుదిపి ఇస్తే బండి లేచేది. లోపల సెల్లు వదులైందనుకుని కొత్తది వేయించాం. అయినా అదే తంతు. మిరప ఘాటుకు లోపల ఏదో పాడైందని కొందరు, దిష్టి అని కొందరు అన్నారు. సర్వీసు కుర్రాడు ఇంటికి వచ్చి చూస్తే ఒక్కసారి కూడా మొరాయించలేదు. అతను మమ్మల్ని అదోలా చూసి వెళ్లిపోయాడు.

కోటయ్య మామకు కావలసింది అదే. "నడిపొలంలో ఆగిపోతే నీకు దిక్కెవరు వదినా? ఇంకొక్కసారి ఆగిందంటే బండి అమ్మేద్దాం, పొలం కౌలుకిచ్చేద్దాం" అని తేల్చేశాడు. ఆయనది చెడ్డ మనసు కాదు, భయం. కానీ పొలం మాట వచ్చినప్పుడు అత్త ముఖం పాలిపోవడం నేను చూశాను. ఆ పొలానికి వెళ్లకపోతే ఆవిడకు తెల్లవారడమే దండగ. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం ఆ రాత్రంతా ఆలోచించినట్టుంది, పొద్దున్నే గోడ అవతలి నుంచి అడిగింది: "ఏమే, ఇంటికాడ ఎందుకు మొరాయించట్లా? నీకేమనిపిస్తంది?" నాకేమనిపిస్తుందని ఆ ఊళ్లో నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఆ రోజంతా ఆ ప్రశ్నే నా తలలో తిరిగింది.

కౌలుకు వచ్చే మనిషికి పొలం చూపించాలని మామ ఒకరోజు మాతో పాటు వచ్చాడు. ఆ మనిషి చూసి వెళ్లిపోయాక ముగ్గురం కారెక్కాం. అత్త మీట నొక్కింది. టింగుమంది.

"ఇంకేంది చూసేది? అమ్మాయ్, తాళం తీసి కుదుపు, పోదాం" అన్నాడు మామ.

"కుదపబాక" అంది అత్త. "ఏమే, ఇప్పుడు తాళం యాడుంది?"

"క్యారేజీలో అత్తయ్యా. ఎప్పుడూ పెట్టేచోటే." కాయల్లో చెయ్యి పెట్టేముందు ఉంగరం, తాళం తీసి, కడిగిన పైగిన్నెలో వేసి మూతపెట్టడం ఆవిడ అలవాటు.

"ఇంటికాడ?"

"మేకుకు తగిలించి ఉంటుంది. అక్కడి నుంచి మీ చేతిలోకి..." అంటూ ఆగిపోయాను. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"తాళం ముట్టుకోబాక. మూత ఒక్కటే తియ్యి."

తీశాను. ఆవిడ మీట నొక్కితే బండి లేచింది. ఆపి, మూత పెట్టించి మళ్లీ నొక్కింది. టింగు. మూత తీయించింది, లేచింది. అత్త చిన్నపిల్లలా పకపకా నవ్వింది. "స్టీలు గిన్నెలో పెట్టి మూతేస్తే దాని కేక బండికి ఎట్టా ఇనబడుద్దే! నువ్వు కుదిపినందుకు కాదు, బయటికి తీసినందుకు లేస్తందన్నమాట!" మామ ఫోను తీసి, కౌలు మాట ఇప్పుడొద్దని ఆ మనిషికి చెప్పేశాడు.

బండి బాగైంది కదా అని ఆవిడ ఊరుకోలేదు. ఆ వారమంతా మా ఇంట్లో డబ్బాలన్నీ పొలానికి ప్రయాణం కట్టాయి. ప్లాస్టిక్ డబ్బాలో తాళం పలికింది, పచ్చడి జాడీలోనూ పలికింది. స్టీలు గిన్నెకు మూత పెడితే మాత్రం పలకలేదు. "ఇంత కుతూహలం పెట్టుకుని ల్యాబు చదువు చదివి ఇంట్లో కూర్చున్నావేందే?" అని ఆవిడ నన్ను కేకలేసింది కూడా అప్పుడే. మా ఆయనతోనూ ఆవిడే మాట్లాడి, నన్ను ల్యాబు పనికి పంపేలా ఒప్పించింది. చనిపోయే ముందటి ఏడాది దాకా ఆవిడ కల్లానికి వెళ్తూనే ఉంది. తాళం ఆ గిన్నెలోనే ఉండేది, మూత లేకుండా.

"ఇది దొంగమిషను అమ్మాయ్. ఒకనాడు మూడొందలంటది, ఇంకోనాడు నూటిరవై అంటది" అంటూ ల్యాబు కౌంటరు ముందు మామ మళ్లీ కుదపబోయాడు.

"కుదపబాక మామా" అన్నాను. నా నోట ఆ మాట విని ఆయన చెయ్యి ఆగిపోయింది. "రక్తం చుక్క పెట్టే స్ట్రిప్పుల డబ్బా యాడ పెడతన్నావు?"

"కిటికీలో. మూత తీసే ఉంటదిలే. మీ అత్త నేర్పిందేగా!"

నాకు నవ్వూ కన్నీళ్లూ కలిసే వచ్చాయి. ఆ స్ట్రిప్పులకు గాలి, ఎండ తగలకూడదు, మూత బిగించే ఉంచాలి. ఆ మాట చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అత్తయితే చెప్పేసేది కాదు. కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోబెట్టాను.

"డబ్బా కొత్తగా తెరిచినప్పుడు ఎట్టా చూపించింది మామా? ఎప్పటి నుంచి తేడా వచ్చింది? నీకేమనిపిస్తంది?"

ఆయన మిషన్ని ఒళ్లో పెట్టుకుని ఆలోచించడం మొదలుపెట్టాడు.