అమావాస్య నాడు ఆగిన సర్వర్

2014 జూన్‌లో నన్ను తిరువళ్లూరు ప్రధాన కార్యాలయం నుంచి తిరుత్తణి శాఖకు నెట్‌వర్కు పని మీద పంపారు. మాది నేతగాళ్ళ సహకార సమాఖ్య. నేను అందులో సిస్టమ్స్ ఆఫీసర్ని. హోదా వినడానికి పెద్దదే గానీ నా కింద ఒక్కరూ ఉండేవారు కాదు. కేబులు లాగడం, గోడకు బెజ్జాలు వేయించడం, పాస్‌వర్డు మరిచిపోయిన వాళ్ళను కసరడం అన్నీ నా పనులే.

తిరుత్తణి ఆఫీసుకు రెండు గదులు. మగ్గాల నుంచి వచ్చిన లుంగీలు, చీరలు ముందు గదిలో దించేవారు. వెనక గదిలో అయిదు కంప్యూటర్లు, ఏ కంప్యూటరు లెక్క దానిదే. సాయంత్రం ఆ లెక్కలన్నీ పెన్‌డ్రైవులో ఎక్కించి, ఎవరో ఒకరు రైల్లో తిరువళ్లూరుకు తీసుకుపోయేవారు. ఈ తంతుతో విసిగిపోయిన మా సెక్రటరీ ఒక షరతు పెట్టారు. జూలై నెలలో ప్రతి పనిదినమూ తిరుత్తణి లెక్కలు తిరువళ్లూరు తెర మీద కనబడాలి. ఒక్క రోజు తప్పినా శాఖను మూసేసి, అక్కడివాళ్ళను ప్రధాన కార్యాలయానికి మారుస్తారు.

ఆ షరతు అందరికన్నా ఎక్కువ భయపెట్టింది ధనలక్ష్మిని. శాఖలో అకౌంటెంటు ఆ అమ్మాయే. నేను వెళ్ళిన మొదటిరోజే పక్కకు పిలిచి చెప్పింది: "అక్కా, నేను దినామూ తిరువళ్లూరుకు పోయి వస్తా ఉంటే ఇద్దురు పిల్లోళ్ళను ఎవురు చూస్తారు? ఈ ఆఫీసు పోతే నా ఉద్యోగం పోయినట్టే."

క్లయింట్–సర్వర్ పద్ధతిలో దాచేదంతా ఒకే యంత్రంలో ఉంటుంది. అది సర్వర్. మిగతావి క్లయింట్లు. అవి అడుగుతాయి, సర్వర్ ఇస్తుంది. మధ్యలో స్విచ్ అనే చిన్న పెట్టె ఉంటుంది, అన్ని కేబుళ్ళూ దాని దగ్గరికే చేరతాయి. కొత్తగా తెచ్చిన సర్వర్‌ను బీరువా పక్కన పెట్టాను. ఒక్కో యంత్రానికి ఒక్కో చిరునామా, ఒక్కో మనిషికి ఒక్కో పేరు, పాస్‌వర్డు ఇచ్చాను. బ్రాడ్‌బ్యాండ్ లైను మీదుగా తిరువళ్లూరును కలిపాను. కేబులు చివర ఎనిమిది తీగలను రంగుల వరుసలో పేర్చి ప్లగ్గు బిగించే పని మటుకు ఇంకెవరికీ ఇచ్చేదాన్ని కాదు. ఆ పనిలో నాకు కాస్త గర్వం, ఇప్పటికీ ఉంది.

వాళ్ళకు గట్టిగా నేర్పింది ఒక్కటే, ఆపే వరుస. ముందు అందరూ తమ ఫైళ్ళు మూసి బయటికి రావాలి, తరువాత క్లయింట్లు ఆపాలి, చివరగా సర్వర్. ఎవరో రాస్తూ ఉండగా సర్వర్ ఆగిపోతే రాస్తున్న లెక్క చెడిపోతుంది. మేనేజరు మునిరత్నంగారిని ఆఫీసంతా మామా అనే పిలిచేది. ఆయన ఇదంతా విని, "ఇంతేనా అమ్మా!" అన్నారు. అర్థం కాక అన్నారేమో అనుకుని నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆయన ఓపిగ్గా మళ్ళీ విన్నారు.

జూలైలో మూడు వారాలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. నాలుగో వారంలో ఒక ఉదయం, తిరువళ్లూరుకు తిరిగొచ్చేసిన నన్ను సెక్రటరీ తన గదికి పిలిచి తెర చూపించారు. సర్వర్ కనబడడం లేదని సందేశం. తిరుత్తణికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. సాయంత్రంలోగా సంగతి చెప్పమని ఆయన అంటూండగానే బయలుదేరాను. అది తమిళుల ఆడి నెల. మొక్కు కావళ్ళు ఎత్తుకుని కొండ మీది గుడికి వచ్చే జనంలో బస్సు ఈడ్చుకుంటూ పోయింది. ఎలుక కేబులు కొరికిందా, పిడుగు పడిందా, నా ప్లగ్గే ఊడిందా అని దారంతా నాలో నేనే పంచాయితీ చేసుకున్నాను. ధనలక్ష్మి మొహం తలుచుకుంటే మరీ దిగులు వేసింది.

ఆఫీసు గుమ్మంలో అడుగు పెట్టగానే సాంబ్రాణి వాసన. సర్వర్‌కు పసుపు, కుంకుమ బొట్లు, మీద మూరెడు మల్లెపూలు. మునిరత్నంగారు కొత్త పంచెలో ఉన్నారు, అందరి చేతుల్లో వడలు. ఆ సందడిలో ఫోను ఎవరు ఎత్తుతారు?

"ఇదేంది మామా?" అని అరిచినంత పని చేశాను.

"అమాస గదమ్మా. ఊర్లో మగ్గాలన్నీ నిలిపేసినాము. ఇది మటుకు తిరగతా ఉంటే బాగుంటాదా?" అన్నారాయన, నాకూ ఒక వడ అందిస్తూ.

మాది పాండూరులో సేద్యం చేసే కుటుంబం. నేతగాళ్ళు అమావాస్య నాడు మగ్గం ముట్టరని నాకు తెలియదు. తెలిసినా అది కంప్యూటరుకు కూడా వర్తిస్తుందని ఊహించేదాన్ని కాదు. కోపాన్ని దిగమింగుకుని సర్వర్ వేసి, ముందు రోజు నమోదులు తెరిచాను. ఒక్క లెక్కా చెడలేదు. అయిదు క్లయింట్లూ ఒకదాని తరువాత ఒకటి ఆగి, అన్నిటికన్నా చివర సర్వర్ ఆగింది. నేను నేర్పింది నేర్పినట్టు చేశారు.

"నూలు మోసే నాడె దాని పెట్టెలో పడినాకే గదక్కా మగ్గం ఆపేది? అది నడాన ఉండంగా ఆపితే పడుగు పోగులన్నీ తెగిపోతాయి. ఇదీ అంతే గదా," అంది ధనలక్ష్మి. అంతలోనే నా మొహం చూసి, ఏం జరిగిందో అర్థమై, ఆ అమ్మాయి చేతిలోని వడ పళ్ళెంలో పెట్టేసింది.

సెక్రటరీకి ఫోను చేసి ధనలక్ష్మి చేతికే ఇచ్చాను. ఉన్నదున్నట్టు చెప్పింది: అమాస అని ఆపినాము, మగ్గం ఆపినట్టే ఆపినాము, తిరువళ్లూరుకు చెప్పాలని తట్టలేదు, తప్పే సార్. ఆయనదీ నేత కుటుంబమే. అవతల ఆయన నవ్వు నాక్కూడా వినిపించింది.

"మా ఇంట్లోనూ ఈ పొద్దు మగ్గం ఆపే ఉంటారమ్మా, నాకే తట్టలేదు. ఈడ మావాళ్ళయితే ప్లగ్గు పీకేసుంటారు. సర్వర్ ఆడనే ఉండనీ, మీరూ ఆడనే ఉండండి. వచ్చే అమాసకు మటుకు ముందే చెప్పండి."

ధనలక్ష్మి ఫోను పెట్టేసి ఏడుస్తూ నవ్వింది. నేను నా వాటాకు మించి వడలు తిన్నాను. ఆ రోజంత తేలిక మనసుతో ఉద్యోగంలో ఇంకెప్పుడూ ఇల్లు చేరలేదు.

అప్పటి నుంచి అమావాస్య ఆ శాఖలో సర్వర్ మరమ్మతు రోజయింది. ముందు రోజు తిరువళ్లూరుకు కబురు, ఆ రోజు పూజ, దుమ్ము దులపడం, లెక్కలకు నకలు తీయడం. మల్లెపూలు గాలి పోయే రంధ్రాలకు అడ్డం రాకూడదని నేనొక నియమం చేర్చాను, వాళ్ళు ఒప్పుకున్నారు.

ఏ సర్వరైనా ఎప్పుడో ఒకప్పుడు ఆగక తప్పదు. దాని మీద ఆధారపడిన వాళ్ళకు ముందే తెలిస్తే అది విరామం, తెలియకపోతే ప్రమాదం. ఆ తరువాత ఎక్కడ నెట్‌వర్కు పెట్టినా, కేబులు కొలిచే ముందే, మీ యంత్రాలు ఏ రోజు ఆగుతాయని అడిగేదాన్ని. పూండి దగ్గర బియ్యం మిల్లువాళ్ళు ఆయుధపూజ అన్నారు. పట్టాభిరామ్‌లో లేతు మిషన్లు నడిపే ఆయన, మావి ఏ రోజూ ఆగవని రొమ్ము విరుచుకుని చెప్పాడు. ఒకటి ఆగినా ఇంకొకటి నడిచేలా ఆయనకు రెండు సర్వర్లు పెట్టాను.