ఇంకా ఆరలేదు

మా బావకు ఈ లోకంలో ఒక్కటే శత్రువు: చెమ్మ. దొంగలంటే భయం లేదు, కరెంటంటే లేదు, మా అక్కంటే కూడా పెద్దగా లేదు. ఆకాశంలో చిన్న మబ్బు కనిపిస్తే మాత్రం షాపు షట్టర్ సగం దించేసి, మబ్బు తనకోసమే వెతుకుతోందన్నట్టు లోపల నక్కి కూర్చుంటాడు.

ఆయన చేసేది పిన్‌పాయింటర్ల రిపేరు. అదేమిటంటారా? లోహాన్ని పసిగట్టే మిషన్లు పట్టుకుని ఏటి ఒడ్డునా పాడుబడ్డ తోటల్లోనూ ఇనుమూ వెండీ వెతికే సరదా మనుషులు కొందరుంటారు. వాళ్ల పెద్ద మిషను "ఇక్కడెక్కడో ఉంది" అని కూసి ఊరుకుంటుంది. గుంట తవ్వాక, సరిగ్గా ఎక్కడుందో చెప్పడానికి టార్చిలైటంత కర్ర ఒకటి వాడతారు. లోహానికి దగ్గరైతే గుర్రుమంటుంది. అదే పిన్‌పాయింటర్. తడి మట్టిలో పొడవడానికే పుట్టింది కాబట్టి, లోపలికి చెమ్మ దిగి చావడం దాని అలవాటు. బతికించడం మా బావ వృత్తి.

నా ఖర్మ కొద్దీ ఆయన షాపు పక్కనే నా లాండ్రీ. మధ్యలో ఒకటే గోడ. రోజూ పొద్దున్నే చేతిని వెనక్కి తిప్పి ఆ గోడకు ఆనించి, జ్వరం చూసినట్టు చూస్తాడు.

"ఏరా, నిన్న దుప్పట్లు ఉతికావా?"

"ఉతికాను బావా. లాండ్రీ కదా."

"ఉన్నివేనా?"

"నీకెలా తెలుసు?"

"గోడ చెబుతోంది" అంటాడు, నేనేదో ద్రోహం చేసినట్టు.

ఆయన షాపులో గ్లాసుడు నీళ్లు కూడా నిషిద్ధం. దాహమేస్తే తాను కూడా నా లాండ్రీకొచ్చి తాగి, మూతి తుడుచుకుని, మీసం ఆరాకే తిరిగి వెళ్తాడు. చెప్పుల షాపుల వాళ్లకు ఆయన బాగా తెలుసు. ఒక్క జోడు కొన్న పాపాన పోలేదు. పెట్టెల్లో చెమ్మ పీల్చడానికి పెట్టే చిన్న పొట్లాలు అడిగి పట్టుకొస్తాడు.

"ఎవరింటికైనా చుట్టాలు పళ్లు తెస్తారు, స్వీట్లు తెస్తారు. మా ఇంటికి ఈయన చెప్పుల పెట్టెల్లో పొట్లాలు తెస్తారు" అని మా అక్క గొణుగుతుంది. ఆవిడ గోళ్ల రంగు సీసాలదీ అదే గతి. రంగులేనిదైతే చాలు, లోపలి సర్క్యూట్ మీద చెమ్మ తగలకుండా పూతగా పోతుంది. ఆవిడ గోళ్లు బోసిగా ఉంటాయి, ఊళ్లోవాళ్ల సర్క్యూట్లు తళతళలాడతాయి.

పని మాత్రం తపస్సే. కర్ర విప్పి, చిలుము పట్టిన చోటల్లా స్పిరిట్ ముంచిన బ్రష్షుతో తోమి, పూత పూసి, మూత దగ్గరుండే రబ్బరు రింగుకు గ్రీజు రాసి, పొట్లాలున్న డబ్బాలో పెడతాడు. ఆనక నా బకెట్లో ముంచి చూస్తాడు. ఒక్క బుడగ వచ్చిందా, కథ మళ్లీ మొదటికి. పాపం, కస్టమర్లు వస్తూనే ఉంటారు.

"అయిందా సార్?"

"ఇంకా ఆరలేదు."

"మొన్ననే ఆరిందనిపించింది సార్!"

"మీకు అనిపించింది. దానికి అనిపించలేదు."

అలా చిక్కినవాడే మా వీధి పోస్ట్‌మాన్. రిటైరయ్యాడు గానీ నోరు రిటైరవలేదు. ఉత్తరమిచ్చి ఊరకే పోయిన మనిషి కాదు; గుమ్మంలో నిలబడి కబుర్లన్నీ చెప్పి వెళ్లేవాడు. అలాంటివాడు ఆ రోజు నోటికి చేయి అడ్డం పెట్టుకుని, ముడుచుకుని షాపులోకొచ్చాడు. వంతెన కింద విరిగిన మెట్ల దగ్గర తుమ్మాడట. కింది పళ్ల సెట్టు ఎగిరి ఒండ్రులో పడిందట.

"కొత్తది కట్టించుకోండి పెద్దాయనా" అన్నాడు మా బావ.

"కట్టించాను బాబూ. చిగుళ్లు కోసేస్తోంది. పోయినది పాతికేళ్లుగా నా నోట్లో కాపురమున్న సెట్టు. లోపల ఇనప పట్టీ ఉంది కదా, దొరక్కపోతుందా అని ఈ కర్ర పాతది కొన్నాను. రోజూ తెల్లారగానే వెళ్లి వెతుకుతున్నా. నిన్న నీళ్లలో పడి ఇదీ మూగబోయింది." ఆ నాలుగు ముక్కలు చెప్పేసరికి ఆయనకు దగ్గు ఆగలేదు. ఛాతీలో నెమ్ము చేసి మంచం మీద నుంచి లేచి ఎన్నాళ్లో కాలేదు. "తొందరగా ఇవ్వు బాబూ. నెలాఖరుకు మనవరాలి పెళ్లి. నోరు మూసుకుని పెళ్లికెవడైనా వెళ్తాడా? నేనైతే వెళ్లను."

మా బావ కర్ర అందుకుని, ఆయన దగ్గు తగ్గేదాకా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆరనివ్వండి" అన్నాడు.

పోస్ట్‌మాన్ రోజూ వచ్చేవాడు. "ఇంకా ఆరలేదు" రోజూ వినేవాడు. పెళ్లి దగ్గరపడుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"బావా, ఆ ముసలాయన ఏడుపు మొహం చూశావా? మనవరాలి పెళ్లి ఎగ్గొట్టేలా ఉన్నాడు. ఎడారిని కూడా ఈపాటికి ఇంకోసారి ఆరబెట్టి ఉండొచ్చు!"

"నీకు తెలీదురా" అన్నాడు, తల ఎత్తకుండా.

తెలిసింది ఆ వారంలోనే. మా అక్క పంపిన బట్టల మూట విప్పితే, మా బావ పాంట్లు మోకాళ్ల దాకా ఒండ్రు. ఒకటి కాదు, అన్నీ! వీధిలో చెంబుడు నీళ్లు ఒలికితే సందు తిరిగి వెళ్లే మనిషి పాంట్లవి. ఇరవయ్యేళ్లుగా ఊరి మురికి ఉతుకుతున్నాను, ఏ మట్టి ఎక్కడిదో నాకు తెలుసు. అది ఏటి ఒండ్రు.

మర్నాడు తెల్లారి వంతెన దగ్గరకు వెళ్లాను. విరిగిన మెట్ల కింద మా బావ. కాళ్లకు ప్లాస్టిక్ సంచులు, వాన చుక్క లేకపోయినా నెత్తిన గొడుగు. మోకాళ్ల మీద పాకుతూ, పోస్ట్‌మాన్ పిన్‌పాయింటర్‌తో బురదను అంగుళం అంగుళం పొడుస్తున్నాడు. పక్కన కుప్పగా తుప్పు మేకులూ సీసా మూతలూ.

"ఆరలేదన్నావుగా?" అన్నాను.

ఉలిక్కిపడి గొడుగు కింద దాక్కోబోయాడు. ఆ పైన సిగ్గుపడ్డాడు.

"ఇది ఎప్పుడో ఆరిందిరా. ఆయన ఛాతీయే ఇంకా ఆరలేదు. కర్ర చేతికిస్తే మళ్లీ ఈ మంచులోకి, ఈ చెమ్మలోకి వస్తాడు. వద్దంటే వింటాడా?"

నేను చెప్పులు విప్పి మెట్టు మీద పెట్టాను. "ఈ పుల్లతో ఏరంతా ఎన్నాళ్లు పొడుస్తావు? షాపులో ఎవరిదో పెద్ద మిషను ఉందిగా, తెచ్చుకోవచ్చుగా!" అన్నాను.

"అదా?" అన్నాడు చాలా సీరియస్‌గా. "అది నిజంగానే ఇంకా ఆరలేదు."

నేనూ పాంటు మడిచాను. ఆ రోజు దొరకలేదు, మర్నాడూ దొరకలేదు. పెళ్లికి ఇంకా రెండు రోజులుందనగా, రాయి సందులో కర్ర గుర్రుమంది. మా బావ బురదలో చెయ్యి పెట్టి పైకి తీస్తే, పళ్ల సెట్టు మా ఇద్దర్నీ చూసి ఇకిలించింది.

సాయంత్రం పోస్ట్‌మాన్ వచ్చాడు. అడగడం కూడా మానేసి, ఊరికే నిలబడ్డాడు.

"ఆరింది" అన్నాడు మా బావ, కర్ర అందిస్తూ. "వాడాక బ్యాటరీ తీసెయ్యండి. మూత తెరిచి నీడన పెట్టండి. ఎండలో కాదు." ఆ తర్వాత ఎటో చూస్తూ, "టెస్ట్ చేద్దామని ఏటి దాకా వెళ్లాను. ఇదేదో తగిలింది. మీదేమో చూడండి" అని ఓ డబ్బా జరిపాడు.

డబ్బాలో చెప్పుల పెట్టెల పొట్లాల నడుమ, సబ్బుతో కడిగి, చుక్క చెమ్మ లేకుండా ఎండబెట్టిన పళ్ల సెట్టు. "రవ్వంత తడి లేదు" అన్నాడు గర్వంగా.

పోస్ట్‌మాన్ గబుక్కున తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఎండిన సెట్టు చిగుళ్లకు అతుక్కుపోయి, మరుక్షణం కళ్లు తేలేశాడు. "నీళ్లు! నీళ్లు!"

నేను కదిలేలోపు మా బావే నా లాండ్రీలోకి పరుగెత్తి, నీళ్ల గ్లాసు ఒలికించుకుంటూ తన షాపులోకే తెచ్చాడు. ముసలాయన గటగటా తాగి ఊపిరి పీల్చుకున్నాడు.

"పళ్ల సెట్టును ఎండబెడతారా బాబూ? దాన్ని ఎప్పుడూ నీళ్లలోనే ఉంచాలి!"

మా బావ మొహం చూడాలి. నీళ్లలో ఉంటేనే బాగుండే వస్తువొకటి ఈ భూమ్మీద ఉందని ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

పోస్ట్‌మాన్ ఇక ఆగలేదు. పెళ్లికొడుకు ఉద్యోగం, మనవరాలి చీర రంగు, విడిది గదులు, నెల రోజుల మాటలన్నీ ఒక్కసారి మొదలెట్టాడు. నోరారా నవ్వుతుంటే తుంపర్లు బల్ల మీదా, విప్పి పెట్టిన సర్క్యూట్ల మీదా పడుతున్నాయి. మా బావ చూస్తూనే ఉన్నాడు. గుడ్డ చేతిలోనే ఉంది. తుడవలేదు.

పోస్ట్‌మాన్ వీధి మలుపు తిరిగాక మా బావ రెండుసార్లు తుడిచాడనుకోండి. ఆనక చేతిని వెనక్కి తిప్పి గోడకు ఆనించి, "ఏరా, దుప్పట్లా?" అన్నాడు.