నా పేరు వెనక యోరి

మా క్యాంపులో అందరూ కాక అని పిలిచే పెద్దాయన చనిపోయాడని ముందు మా బామ్మర్దికి తెలిసింది. వాడు ఫోన్ చేసి చెబితేనే నాకు తెలిసింది. ఏడవాల్సింది పోయి నాకు కడుపు మండింది. చావు కబురులో కూడా వాడే ముందా అని.

తొంభైలలో బహ్రెయిన్‌లో, జిదాఫ్స్ క్యాంపులో ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. నేనూ బామ్మర్దీ స్లాబులకు కడ్డీలు కట్టేవాళ్ళం. కాక జపాను కంపెనీ స్టోర్‌లో పాత మనిషి, ఆ ఇంజనీర్లతో వాళ్ళ భాషలోనే మాట్లాడేవాడు. మోకాళ్ళు అరిగి ఇక ఇంటికి పోదామనుకున్నాక, తన చోట ఒకరిని పెట్టాలని ప్రతి శుక్రవారం, సెలవునాడు పొద్దున, మా ఇద్దరికీ జపాను నేర్పడం మొదలుపెట్టాడు. ఎండలోంచి బయటపడాలంటే నాకు ఆ స్టోర్ ఒక్కటే దారి.

గడ్డం గీసుకుంటూ, ఒక చెంపకు సబ్బు నురగ ఉండగానే పాఠం చెప్పేవాడు. మన 'కంటే' లాంటిదే వాళ్ళ 'యోరి'. అది ఎవరి పేరు వెనక చేరితే వాడు తక్కువ. అందరికంటే ఎక్కువ అనాలంటే 'ఇచిబాన్'.

"హయాయ్ అంటే వడి. ఎవలి పక్కన నిలవెట్టినా ఆ మాట మారదురా. మనిషి గూడ గట్లనే ఉండాలె," అనేవాడు.

చెప్పడానికి బాగానే ఉంది. కానీ ఉదాహరణ ఇచ్చిన ప్రతిసారీ యోరి నా పేరు వెనకే. వడిలో, బలంలో, తెలివిలో బామ్మర్దే ఎక్కువ. వాడు తడబడితే కాక ముద్దుగా నవ్వేవాడు. నేను పొల్లుపోకుండా అప్పజెప్పినా "ఊఁ" అనేవాడు, అంతే.

ఒకరోజు ఇంజనీరు వచ్చి, క్యాంపులో జపాను ఎవరికి బాగా వచ్చని అడిగాడు. కాక బామ్మర్ది భుజం మీద చెయ్యి వేసి "ఇచిబాన్" అన్నాడు. ఖలాస్, స్టోర్ పని వాడిదైపోయింది. ఆ రోజు నుంచి కాకతో మాట్లాడటం మానేశాను.

ఇన్నేళ్ళకు, చావు కబురు చెప్పిన ఆ ఫోన్‌లోనే బామ్మర్ది అసలు సంగతి చెప్పాడు.

"బావా, అప్పట్ల నేను ఎండకు రెండుసార్లు పడిపోయిన. అక్క భయపడ్తదని నీకు చెప్పలే. కాక చూసిండు. 'జపాను మీ బావకే ఎక్కువొచ్చురా, గని ఈ పని నీకే ఎక్కువ అక్కర' అన్నడు. నీకు చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్న."

నా గురించి కాక అన్న ఒక్క మంచి మాట, అదీ ఇన్నేళ్ళూ వాడి దగ్గరే ఉంది. దానికీ కుళ్ళుకున్నాను, దాచడమెందుకు.

కాక ఇంటికి పోయే ముందు రోజు మిట్టమధ్యాహ్నం నేను పై అంతస్తులో కడ్డీలు కడుతున్నాను. ఆయన నిచ్చెన ఎక్కి వచ్చి నీళ్ళ డబ్బా నా పక్కన పెట్టాడు.

"తాగురా," అన్నాడు.

నేను తల ఎత్తలేదు. చాలాసేపు నిలబడి చూశాడు. తర్వాత ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఆగి దిగాడు. ఆ చప్పుడు కిందిదాకా వింటూనే, నేను కడ్డీలు కట్టుకుంటూ ఉండిపోయాను.