కుడివైపు ఫోటో

నిర్మల్ బస్టాండ్‌లో కరీంనగర్ బస్సు కోసం కూర్చుంటే ఎదురుగా ఒక బోర్డు కనిపించేది. ‘జేబుదొంగలున్నారు, జాగ్రత్త’ అని పైన రాత, కింద వరుసగా పోలీసు ఫోటోలు. ఒక్కొక్కడివి రెండేసి. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. ఛాతీ మీద పలక, దాని మీద నంబరు. ఇచ్చోడ బడిలో పంతులమ్మగా పనిచేసిన రోజుల్లో వారం వారం ఇంటికి వస్తూ ఆ మొహాలే చూసేదాన్ని. అదో పిచ్చి నాకు. పైన దొంగ అని రాయకపోతే వాళ్లలో ఒక్కడూ దొంగలా ఉండడు. ఒకడైతే అచ్చం మా డ్రాయింగ్ సారే!

ఒకనాడు కింది వరుసలో మా అన్న కనిపించాడు.

అన్నో, అన్నలాంటివాడో. అన్న ఇల్లు విడిచి అప్పటికి పుష్కరం దాటింది. బాపుతో మాటా మాటా పెరిగి, కంచం ముందు నుంచి లేచిపోయినవాడు మళ్లీ రాలేదు. బాపు పోయినప్పుడూ రాలేదు. పెద్దబాపుది ఒకటే పోరు. “ఇంకెన్నొద్దులు సూస్తరు? ధర్మపురి వోయి మోదుగాకుల బొమ్మ జేసి కాలబెట్టుండ్రి. లేకుంటే వాని పానం కొట్టుకుంటనే ఉంటది.” మనిషి దొరకకపోతే ఆకుల బొమ్మకు కర్మ చేయడం మాలో ఆనవాయితీ. ఎప్పుడు పోవాలో కూడా ఖాయం చేసేశాడు.

బస్టాండ్ పోలీసును అడిగాను, ఇతనెవరని.

“ఏందమ్మా, నీ పర్సు గొట్టిండా?”

పేరన్నా చెప్పమన్నాను.

“ఠాణాకో పేరు చెప్పిండు. అసలు పేరు వానికన్న యాదికున్నదో లేదో. ఎప్పటిదో ఫోటో, ఇప్పుడేడున్నడో మాకేం ఎరుక?”

ఆ ఆదివారమే కరీంనగర్ నుంచి, మమ్మల్ని కన్న అవ్వను తీసుకొచ్చాను. అన్నకు ముందు పుట్టినవాళ్లు పురిట్లోనే పోయారట. అందుకని అన్నను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పిడికెడు నూకలిచ్చి కొన్నట్టు చేసి, కుడి ముక్కు కుట్టించింది అవ్వ. ఆడపిల్ల అనుకుని చావు వదిలేస్తుందని. పెద్దయ్యాక పుడక తీసేసినా ఆ బెజ్జం పూడలేదు. అదొక్కటి కనిపిస్తే చాలు మాకు.

ఎదురు ఫోటోలో మొహం ఎండకు వెలిసిపోయింది. పక్క ఫోటోలో కనిపించేది ఎడమవైపు. అవ్వ బోర్డుకు నుదురు ఆనేంత దగ్గరగా పోయి చూసింది. తర్వాత పోలీసు దిక్కు తిరిగి, “జర వాని మొగం అటు తిప్పుమను కొడుకా,” అంది.

అతను నవ్వబోయి ఆగిపోయాడు. “అది ఫోటో గదనే అవ్వా.”

“ఎరుకనే,” అని అవ్వ కొంగుతో ఫోటో మీది దుమ్ము తుడిచింది. “దొంగోడైతేంది, బతికున్నోడు గద. బొమ్మా లేదు గిమ్మా లేదు. పా బిడ్డా.”

ఇంటికొచ్చి చెబితే పెద్దబాపు మండిపడ్డాడు. “దొంగను పట్టుకోని కొడుకంటవా? ఇజ్జత్ లేదా?”

“ఇజ్జత్ నువ్వు వెట్టుకో. కొడుకును నేను వెట్టుకుంట,” అంది అవ్వ. అబ్బ, ఆ మాటకు నా కడుపు నిండింది.

మొన్నటి వానాకాలం అవ్వ పోయింది. నిప్పు నేనే పెట్టాను. పెళ్లీ పెటాకులూ లేనిదాన్ని, ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. టీవీని తిట్టుకుంటూ అన్నం తింటాను. అస్థికలు కలపడానికి ధర్మపురి పోతే చుట్టాలు మోదుగాకులు కూడా తెచ్చారు. “గిప్పుడన్న మీ అన్నది గూడ కానియ్యి, ఒక్కపారే ఐపోతది,” అన్నారు. ఆ ఆకులు గుంజుకుని గోదావరిలో విసిరేశాను. అన్న కూడా లేడంటే, ఈ లోకంలో నన్ను చెల్లె అని పిలిచేవాడు ఇంకెవడూ ఉండడు. ఆ మాట చెప్పడానికి నోరు రాక, అందరినీ నోటికొచ్చినట్టు తిట్టాను.

ఆ బోర్డు ఇప్పుడు లేదు. బస్సులో ఎవడైనా నా పక్కకు జరిగితే, వెనక సీటువాళ్లు “బ్యాగు పైలం, మేడం!” అంటారు. నేను బ్యాగు పట్టుకోను. ముందు వాడి కుడి ముక్కు చూస్తాను.