తాత అరచేతిలో గీసిన గీత

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో మా క్వార్టర్ పెరట్లో ఒక చిన్న కొలిమి ఉండేది. తాతది. మా నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన బొగ్గుబాయిలో ఫిట్టర్. తాత మాత్రం ఊరు వదిలి మా దగ్గరికి వచ్చినా సుత్తె వదల్లేదు.

అప్పటికే ఆయన కళ్లకు శుక్లాలు కమ్మాయి. "మంట కనపడుతది బిడ్డా, గీత కనపడది" అనేవాడు. ఆ గీత ఏమిటో నాకు తెలియదు.

ఒక ఎండాకాలం ఎల్లయ్య కాక కల్లు గీసే కత్తి చెయ్యమని వచ్చాడు. రోజూ తాటిచెట్లెక్కే మనిషి. తాత అంతకు ముందు చేసిన రెండు కత్తుల్లో ఒకటి పగిలింది, ఒకటి వంగింది. అయినా వచ్చాడు.

"బజార్ల తళతళ మెరిసేటివి మస్తున్నయ్ గదరా" అన్నాడు తాత.

"మెరుపు నాకెందుకు మామా, నేనేమన్న పెండ్లికి పోతున్ననా? తెగాలె. నువ్వే చెయ్యి."

కాక వెళ్లాక బాపు మెల్లగా అన్నాడు. "నాయినా, ఇది గూడ చెడిపోతె కొలిమి పీకేస్త. ఇన్నేండ్ల పేరు పోగొట్టుకునుడెందుకు?"

తాత నన్ను పిలిచి పుట్టమన్ను జల్లెడ పట్టమన్నాడు.

పుట్టమన్ను, బొగ్గుపొడి, బూడిద... మూడూ నీళ్లతో కలిపి, కత్తి వీపు పొడవునా వేళ్లతో పట్టించాడు. అంచును మాత్రం వదిలేశాడు. "మన్నున్నకాడ మెల్లగ సల్లారుతది. మెత్తగుంటది, దెబ్బకు ఓర్చుకుంటది. మన్ను లేనికాడ గట్టిపడుతది, తెగుతది" అన్నాడు.

మన్ను ఆరాక కొలిమిలో పెట్టి, ఎర్రబడగానే తొట్టి నీళ్లలో ముంచాడు. ఆవిరి లేచింది... మన్ను పెచ్చులుగా ఊడిపోయింది. చేతికి వచ్చింది మసిబారిన ఒక ఇనుప ముక్క.

దాన్ని నునుపు చేసే పని నాది. ఇంటికి పెద్దదాన్ని కదా... మొదట గరుకు సానరాయి. తర్వాత గోదావరి నుంచి తెచ్చుకున్న నున్నటి రాయి. చివర బట్టలో జల్లించిన ఇటుక పొడి. నీళ్లు చల్లుకుంటూ నాలుగు రోజులు రుద్దాను. వేళ్ల కొసలు ఒరుసుకుపోయాయి.

ప్రతి సాయంత్రం తాత ఒకటే అడిగేవాడు. "గీత వచ్చిందా?"

"ఎసొంటి గీత తాతా?"

"గట్టిదానికి, మెత్తదానికి నడుమ పొలిమేర. అది రాకుంటె కత్తికి నీళ్లు పట్టనట్టే, అంచు గట్టిపడనట్టే."

నాకు కత్తిలో నా ముఖం కనిపించింది... అంతే. నాలుగో రోజు "వచ్చింది" అని చెప్పేద్దామనుకున్నాను. కొలిమి నిలబడుతుంది కదా అని. కానీ ఆ కత్తి పట్టుకుని చెట్టెక్కేది ఎల్లయ్య కాక.

"రాలేదు తాతా" అన్నాను.

తాత తలూపి గోడ పట్టుకుని లోపలికి నడిచాడు. ఆ నడక చూడలేకపోయాను.

మరునాడు శుక్రవారం. దేవుడి దీపాలు చింతపండుతో తోముతున్నాను. పక్కనే కత్తి ఉంది. ఇత్తడికి ఇంత మెరుపు తెచ్చేది ఇనుముకు తేదా అనిపించింది... అదే గుజ్జు కత్తికీ పట్టించాను. దీపం పెట్టి, దండం పెట్టుకుని వచ్చేసరికి కత్తి నల్లబడిపోయింది.

అమ్మ చూసింది. "ఇనుమును చింతపండుతోని తోముతరా పిల్లా? ఇగ మీ తాతకు నువ్వే చెప్పుకో."

చెప్పాను. తాత కోప్పడలేదు. "మా అయ్య గూడ పులుపు రాసి చూసెటోడు. నా కండ్లు మంచిగున్నన్ని దినాలు నాకు అక్కెర రాలే" అన్నాడు. "కడుగు. బూడిదతోని ఒక్కసారి మెల్లగ రుద్దు. ఎండకు వాలుగ పట్టి చూడు... అంతా ఒక్కటే నలుపా?"

పట్టాను.

ఒక్కటి కాదు. వీపు ఒక రంగు, అంచు మరో రంగు. రెంటి నడుమ పొగమంచు లాంటి తెల్లని గీత... అలలు అలలుగా లేస్తూ, దిగుతూ కత్తి కొస దాకా వెళ్లింది. నేను నాలుగు రోజులు వెతికినప్పుడు కూడా అది అక్కడే ఉంది. తెలియకుండానే చేతులు జోడించాను.

"ఉన్నది తాతా."

"ఎట్లున్నది?"

ఆయన చెయ్యి పట్టుకుని, అరచేతిలో నా వేలితో ఆ గీత గీశాను. ఇక్కడ పైకి... ఇక్కడ కిందికి... మళ్లీ పైకి...

తాత మధ్యలో నా వేలు ఆపాడు. "ఈడ మన్ను జారింది. బొటనవేలుతోని సదిరిన."

మళ్లీ కత్తి చూశాను. అవి తాత వేళ్ల అచ్చులు. మన్ను ఊడిపోయినా ఆ వేళ్లు ఇనుములో ఉండిపోయాయి. తర్వాత ఎన్నో గుళ్లకు వెళ్లాను... ఆ రోజులా ఒళ్లు పులకరించింది మాత్రం కొన్నిసార్లే.

ఎల్లయ్య కాక వచ్చి ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూసుకున్నాడు. "ఇగ గడ్డానికి గూడ నీ దగ్గరికే వస్త మామా" అని నవ్వి తీసుకెళ్లాడు. ఆ ఎండాకాలమంతా దానితోనే గీశాడు. పగల్లేదు, వంగలేదు.

బాపు ఆ మాట విన్నాడు. మరునాడు డ్యూటీ నుంచి రాగానే, మా వంట బొగ్గులోంచి ఒక గంపెడు తీసి కొలిమి పక్కన పోశాడు.

తాత ఇంకో మూడేళ్లు కత్తులు చేశాడు. ప్రతి కత్తి గీతనూ ఆయన అరచేతిలో నేనే గీసి చూపించాను.

ఆ వరుస క్వార్టర్లు ఇప్పుడు లేవు. నా వంటింట్లోకి కత్తులు ప్యాకెట్లలో వస్తున్నాయి... మొద్దుబారితే ఇంకొకటి వస్తుంది. ఎంత వాలుగా పట్టి చూసినా వాటిలో ఎవరూ కనిపించరు.

చేసినవాళ్ల చెయ్యి ఇంకా కనిపించే వస్తువు మీ ఇంట్లో ఒక్కటి మిగిలి ఉన్నా, కింద రాయండి. వాళ్లు మీకు ఏమవుతారో అది కూడా...