అత్త వదిలిన గింజ

లక్ష్మీదేవి ఆ గింజను రెండు వేళ్లతో పైకెత్తింది. కిటికీ వైపు తిప్పి చూసింది. మళ్లీ కుప్పలోకి జారవిడిచింది. ఆ క్షణం నా కడుపులో ఏదో కదిలింది. అప్పుడు రెండో బిడ్డను మోస్తున్నాను కాబట్టి బిడ్డే కదిలిందని సర్దిచెప్పుకున్నాను. కాదు, అది భయం. ఆ బిడ్డ పుట్టాడు, నడిచాడు, ఇప్పుడు బడికి పోతున్నాడు. భయం మాత్రం నా ఒంట్లోనే ఉండిపోయింది. ఈ రాత్రి దాన్ని మీకు చెప్పాలని కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

పత్తికొండ దగ్గర ఒక చిక్కీల మిల్లులో పనిచేసేదాన్ని. చుట్టుపక్కల చేలల్లో పండిన వేరుశనగ అక్కడికి వచ్చేది. కాయలు ఒలిచి, గింజలు ఏరి, వేయించి, బెల్లం పాకంలో కలిపి చిక్కీలు చేసేవాళ్లు. నేను స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ చదివాను. మిల్లులో ఏ పని ఎక్కడ ఆగిపోతోందో, ఏం మారిస్తే బాగుపడుతుందో, ఆ మార్పు పనికొస్తుందో లేదో లెక్కవేసి చెప్పడం నా ఉద్యోగం. ఒప్పందం మీద తీసుకున్నారు. పని నచ్చితే పర్మినెంటు చేస్తామన్నారు.

వేరుశనగకు తడి తగిలితే బూజు పడుతుంది. ఆ బూజు విషం వేయించినా పోదు. ఒకసారి తింటే ఏమీ తెలియకపోవచ్చు. ఏళ్ల తరబడి తింటే కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అందుకే మిల్లులో గింజను మూడు చోట్ల చూసేవాళ్లు. ముందు ఒక వరుస ఆడవాళ్లు ఏరేవాళ్లు. వాళ్లు ఏరిన కుప్ప వెనక వరుసకు వెళ్లేది, వాళ్లు మళ్లీ ఏరేవాళ్లు. ఆ తర్వాత వేరే గదిలో, ప్రతి బస్తాలోంచి పిడికెడు తీసి, గింజ గింజనూ బద్దలుగా చీల్చి లోపల చూసేవాళ్లు. చీల్చడం నెమ్మది పని. అది అయ్యేదాకా బస్తా కదిలేది కాదు. వేయించే పొయ్యి మధ్యాహ్నం దాకా చల్లగా పడి ఉండేది.

ఆ చల్లటి పొయ్యే నా ప్రాజెక్టు. చీల్చి చూడటం మానేస్తే పొద్దున్నే పొయ్యి వెలిగించవచ్చు. మానేయొచ్చా?

లెక్క చాలా చిన్నది. మొదటి వరుస పది చెడ్డ గింజల్లో ఒకదాన్ని వదిలేస్తోంది. వెనక వరుసను విడిగా పరీక్షించాను. మధ్యాహ్నం ముందు వరుసవాళ్లు అన్నాలకు వెళ్లినప్పుడు, ఎవరూ ఏరని గింజలు వెనక వరుస ముందు పోయించి చూశాను. వాళ్లు వదిలేసిందీ పదిలో ఒకటే. రెండూ గుణిస్తే, నూరు చెడ్డ గింజల్లో ఒక్కటి మాత్రమే రెండు వరుసలూ దాటిపోతుంది. ఇక చీల్చడం దేనికి? ఇంటర్ పిల్లలు కూడా చేయగల గుణకారం. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

ఆ గుణకారానికి ఒక షరతు ఉంది. అది కూడా ఇంటర్ పిల్లలకు తెలిసిందే. రెండోసారి చూసేవాళ్ల తీర్పు మొదటివాళ్ల తీర్పుకు లోబడి ఉండకూడదు. లోబడి ఉంటే గుణించకూడదు.

మర్నాడు వెనక వరుసలో ఏరుతున్న లక్ష్మీదేవి ఆ గింజను జారవిడిచింది. నేను ఆమె పక్కన చతికిలబడ్డాను.

"అదేందే, తీసిందాన్ని మళ్లా ఏసినావు?"

"మా అత్త సూసి ఇడిసింది కదక్కా," అంది గొంతు తగ్గించి. "నేను తీసి పారేస్తే, ఆయమ్మకు కండ్లు కనపడలేదని నలుగుర్లో చెప్పినట్ల కాదా?"

"పుచ్చుదే కదా అది?"

"పుచ్చుదే. ఈడ నేను బుడ్డగింజ పారేస్తే, ఆడ ఇంట్లో ఆయమ్మ నా సంగటిముద్ద పారేస్తాది." నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ముందు వరుసలోంచి ఆమె అత్త సుంకమ్మ తల తిప్పకుండానే కేకేసింది. "ఏమే, మేడంతో ఏం ముచ్చట్లు పెడతాండావు? చేతులాడనీ!"

"ఏం ల్యా అత్తా! నీ కండ్లు శానా బాగుండాయని చెప్తాండా!"

వెనక వరుస అంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే తలెత్తి చూశాను. అన్ని నెలలుగా రోజూ చూస్తున్నదాన్ని ఆ రోజు మొదటిసారి చూశాను. ముందు వరుసలో అత్తలు. ఎవరి వెనక వాళ్ల కోడలు. ఒకే వీధి నుంచి ఒకే ఆటోలో వచ్చి, ఇంట్లో కూర్చునే వరసలోనే ఇక్కడా కూర్చుంటున్నారు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. వేరేలా కూర్చోవచ్చని ఎవరికీ తోచలేదు. అత్త వదిలిన గింజను కోడలు తీసేయదు. రెండు వరుసలున్నా చూసేది ఒక్క వరుసే. నా పరీక్షలో కోడళ్లు బాగా ఏరారంటే, ఆ పూట వాళ్ల ముందు అత్తలు లేరు కాబట్టి.

ఇంతవరకూ ఇది పొరపాటే. ఇక్కడ ఆపగలిగితే ఎంత బాగుండేది.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక, కోడళ్లు ఏరిన కుప్పలోంచి పిడికెడు తీసుకున్నాను. గోటితో చీల్చాను. మొదటిది తెల్లగా ఉంది. రెండోదీ తెల్లగా ఉంది. ఆ తర్వాత దాంట్లో, బద్దల నడుమ, ఆకుపచ్చటి బూజు. ఇంకా చీల్చాను. మళ్లీ బూజు. నూటికి ఒక్కటే దాటుతుందన్న నా లెక్క తప్పని తెలుసుకోవడానికి ఆ పిడికెడు చాలు. పొట్టు మండుతున్న పొయ్యి దగ్గరికి నడిచి, చేతిలో ఉన్నవన్నీ అందులో వేసేశాను. చేతులు కడుక్కున్నాను. ఎవరూ చూడలేదు.

ఎందుకు వేశాను? ఎన్నో జవాబులు తయారు చేసుకున్నాను. కానుపు దగ్గర పడింది, పర్మినెంటు కాకపోతే సెలవు ఇవ్వరు. మా ఆయనకు అప్పటికి సరైన పని లేదు. కోడళ్ల సంగతి పైకి చెబితే ఆ ఆడపిల్లల ఇళ్లల్లో గొడవలవుతాయి. అన్నీ నిజాలే. చివరిదైతే పరాయివాళ్ల మేలు కోరినట్టు కూడా వినిపిస్తుంది. కానీ పొయ్యి ముందు నిలబడ్డప్పుడు వీటిలో ఏదీ నా మనసులో లేదని ఈ రాత్రి ఒప్పుకుంటున్నాను. నా లెక్క తప్పని నలుగురిలో చెప్పుకోవడం నాకు సిగ్గనిపించింది. అంతే. అత్తను నలుగురిలో తక్కువ చేయకూడదని లక్ష్మీదేవి ఒక గింజను వదిలింది. నన్ను నేను తక్కువ చేసుకోలేక నేను మిల్లులోని చెడ్డ గింజలన్నిటినీ వదిలేశాను.

మీటింగులో యజమాని ఓబులేసు గారు నా లెక్క అంతా విని ఒకే మాట అడిగారు. "అయితే చీల్చే పని ఎత్తేయొచ్చంటావామ్మా?"

"ఎత్తేయొచ్చు సార్."

ఎత్తేశారు. చీల్చే గదికి తాళం పడింది. అత్త ఎవరో కోడలు ఎవరో తెలియకుండా గింజను గింజగా చూసిన చోటు అదొక్కటే. పొయ్యి పొద్దున్నే వెలగసాగింది. నేను పర్మినెంటు అయ్యాను. నాకు శాలువా కప్పారు.

తర్వాత మా ఆయనకు కడపలో పని దొరికింది. ఉద్యోగం మానేసి వచ్చేశాను. దూరమైతే తేలికవుతుందనుకున్నాను. కానీ ఆ చిక్కీలు నాకంటే ముందే కడప చేరాయి. మా వీధి చివరి అంగట్లో సీసాలో ఉంటాయి. కమలాపురం బస్టాండులో దండలా వేలాడుతుంటాయి. ఎవరి బిడ్డకు కడుపునొప్పి అన్నా, కామెర్లు అన్నా నాకు ముందు ఆ చిక్కీలే గుర్తొస్తాయి. నా వల్లేనా? ఎప్పటికీ తెలియదు. ఆ విషం పేరు చెప్పుకుని రాదు. ఎవరికీ ఏమీ కాలేదేమో. అయిందేమో. ఆ లెక్క చేయగలిగే చదువు నేను చదవలేదు.

ఇక అన్నిటికంటే చెప్పలేనిది. ఇన్నేళ్లలో ఆ పొట్లం ఒక్కటి కూడా మా ఇంట్లోకి రానివ్వలేదు. నా పిల్లలకు పళ్లు పుచ్చిపోతాయని చెప్పి మాన్పించాను. పక్కింటి పిల్లలు గేటు దగ్గర నిలబడి తింటుంటే చూస్తూ ఊరుకున్నాను. అంటే నా లెక్కను నేనెప్పుడూ నమ్మలేదు. ఊరి పిల్లలకు చాలనుకున్న లెక్క నా పిల్లలకు చాలలేదు. ఇలాంటి మనిషిని ఏమంటారు?

ఈ సాయంత్రం నా కూతురు బడి నుంచి చిక్కీ కొరుకుతూ వచ్చింది. వాళ్ల స్నేహితురాలు పల్లవి పుట్టినరోజట. పొట్లం మీది బొమ్మ చూడగానే నోట్లో వేలు పెట్టి ముక్కలు బయటికి లాగేశాను. పాప బిత్తరపోయి ఏడ్చింది. ఏడుపు తగ్గాక అడిగింది. "చెడ్డదా అమ్మా అది? మరి పల్లవి రోజూ తింటాది కదా?"

అప్పుడే నిశ్చయించుకున్నాను.

పొద్దున్నే మొదటి బస్సుకు పత్తికొండ పోతాను. ఓబులేసు గారి ఎదుట బస్తా విప్పించి పిడికెడు గింజలు చీలుస్తాను. ఇప్పుడెవరు ఏ వరసలో కూర్చుంటున్నారో, గింజలు ఎలా వస్తాయో నాకు తెలియదు. ఎలా వచ్చినా, ఆ రోజు పొయ్యిలో ఏం వేశానో చెబుతాను. చీల్చే గది తాళం తీయించమంటాను. ఏ కోడలూ తన అత్త వెనక కూర్చోకుండా వరసలు మార్చమంటాను. లక్ష్మీదేవి పేరు నా నోట రాదు. తప్పు ఆమెది కాదు. ఆయన వినకపోతే ఆహార తనిఖీ అధికారి దగ్గరికి పోతాను. నా పేరుతోనే ఫిర్యాదు ఇస్తాను. తిన్నవాళ్లు తిన్నారు. దాన్ని వెనక్కి తీసుకోలేను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అడిగే హక్కు లేదు. కానీ ఇంతవరకూ రాశాక, చాలాకాలానికి, ఊపిరి అడుగుదాకా వెళ్తోంది.

ఇప్పుడు తెల్లవారింది. బస్సుకు ఇంకా కొంచెం టైముంది. ఈ నాలుగు ముక్కలు రాసి లేస్తాను.

పిల్లలిద్దరినీ లేపి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. "ఆ చిక్కీలో చెడ్డ గింజలుంటాయి. అవి ఉండాయని అమ్మకు శానా రోజుల కిందే తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. అది అమ్మ చేసిన తప్పు. ఇప్పుడు చెప్పేకి పోతాండా," అన్నాను.

చిన్నోడు నిద్రకళ్లతో నా ఒళ్లోకి జరిగాడు. పాప మాత్రం నన్నే చూస్తోంది. "మరి పల్లవికి ఎవరు చెప్తారు?"

"నువ్వే చెప్పు తల్లీ. ఈ పొద్దే చెప్పు."

"మా అమ్మ తప్పు చేసిందని చెప్పాల్నా?"

"ఊ. అట్లే చెప్పు," అన్నాను.