నిండా పోయకూడని గ్లాసు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది మాట ఇది. కోయంబత్తూరులో నాకు గాజు సామాన్ల కొట్టుంది. హోటళ్లకూ బార్లకూ గ్లాసులు వేస్తాను. ఆడమనిషి బార్ గ్లాసులు అమ్మడమేమిటని గొణిగినవాళ్లున్నారు. వాళ్లకి అక్కడికక్కడే జవాబిచ్చి పంపేదాన్ని.

ఒకరోజు కారమడై నుంచి రంగనాయకి అనే పెద్దావిడ వచ్చింది. తోటలున్న కుటుంబం, ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడేవాళ్లు. భర్తకి పక్షవాతం వచ్చి మింగడం పోయిందట. పొట్టకి వేసిన ట్యూబులోనే ఆహారం.

"బ్రాందీ, బ్రాందీ అని ఒకటే అడగతా ఉండాడు అమ్మిణీ. కోపంతో ట్యూబులో గంజి కూడా పోయనియ్యడు. ఇట్లయితే ఎన్నాళ్లు నిలస్తాడు? చుక్క నోట్లో పోసినా ఊపిరితిత్తుల్లోకి దిగతాదని డాక్టరు చెప్పినాడు. వాసన చూపిస్తే పరవాయిల్లే అన్నాడు. దానికని ఏందో గ్లాసు ఉండాదంట గదా?"

"ఇన్నాళ్లూ మామ ఎందులో తాగేవాడు అత్తా?"

"తోటలో మోటారు రూములో, స్టీలు లోటాలో. సామి ఉండే ఇంట్లోకి ఆ సీసా రానియ్యలేదు నేను." కళ్లు తుడుచుకుంది. "నిన్న సర్కారు బ్రాందీ కొట్టు ముందర వరసలో నేనే నిలబడినాను."

స్నిఫ్టర్ అనే బ్రాందీ గ్లాసు ఒకటి తీసిచ్చాను. పొట్టి కాడ, బొజ్జలాంటి గిన్నె, ముడుచుకున్న మూతి. అరచేతి వేడికి బ్రాందీ వాసన లేచి ఆ ఇరుకు మూతి లోపలే నిలుస్తుంది. కొంచెం పోస్తే చాలని కూడా చెప్పాను.

మర్నాడు ఫోను. "ఏం గ్లాసు ఇచ్చినావు? ముక్కు మండిందని ఆయన మొహం తిప్పేసుకున్నాడు!"

నా సరుకుని అంటే నేను ఊరుకునే రకం కాదు. కొట్టు మూసేసి కారమడై వెళ్లాను. వెళ్లి చూద్దును కదా, మంచం పక్కన స్టూలు మీద గ్లాసు, అందులో అంచు దాకా బ్రాందీ!

"కొంచెం పోయమన్నాను గదా అత్తా!"

"ఎట్ల పోసేది? మజ్జిగైనా అర లోటా ఇస్తే వచ్చినోళ్లు ఏమనుకుంటారు? ఇన్నేళ్లకి నా చేత్తో ఇస్తా ఉండాను, పిసినారి మాదిరి పోసేదా?"

నా కోపం ఎటు పోయిందో పోయింది. మా ఇళ్లలో లోటా నిండకపోతే మర్యాద తక్కువైనట్టే. నేను పెరిగిందీ అలాగే. బ్రాందీని సీసాలోకి వంచేసి, గ్లాసుని అడ్డంగా పడుకోబెట్టినా ఒలకనంత మాత్రం ఉంచాను.

"నిండా పోస్తే వాసనకి చోటేది అత్తా? ఇప్పుడు రెండు చేతులతో పట్టుకో."

ఆవిడ గ్లాసుని అరచేతుల్లో పొదువుకుని కాసేపు కూర్చుంది. తర్వాత ఆయన ముక్కు దగ్గర పెట్టింది. మామ కళ్లు మూసుకుని పీల్చాడు. మళ్లీ పీల్చాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"ఇంట్లోకి... నువ్వేనా తెచ్చింది?"

"ఆఁ, నేనే."

"చాలు, రంగనాయకీ."

ఆ సాయంత్రం ట్యూబులో గంజి పోస్తుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. నేను వరండాలోకి వెళ్లి ఏడ్చాను.

ఆయన ఆ వేసవి దాటలేదు. ఏడాది తిరిగాక పడైయల్‌కి నన్నూ పిలిచారు. పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ ఫోటో ముందు ఆకులో వడ్డించడం మా ఆచారం. ఆకు పక్కన, దేవుడి గదికి ఎదురుగానే, స్నిఫ్టర్ ఉంది. అడుగున ఇంత బ్రాందీ.

"ఏం వదినా, పోయినాక కూడా అన్నకి కొలిచి పోసేదేనా?" అన్నాడు మామ తమ్ముడు.

"నిండా పోస్తే ఆయన దాకా వాసన పోదు తంబీ," అంది రంగనాయకి అత్త. గ్లాసుని మళ్లీ రెండు చేతుల్లోకి తీసుకుని, వేడెక్కేదాకా పట్టుకుని, ఫోటో ముందు పెట్టింది.

ఇప్పుడు స్నిఫ్టర్ అమ్మేటప్పుడు గ్లాసు గొప్ప చెప్పను. దాన్ని పట్టుకునే చేతులు ఎవరివని అడుగుతాను.